నలభై నంబరు కాగితం

అంకె పెద్దదైతే బలం పెద్దదని చాలామంది నమ్ముతారు. పంపుసెట్ల విషయంలో అది నిజమే. ఐదు హార్స్‌పవర్ మోటారు మూడు హార్స్‌పవర్ మోటారు కంటే ఎక్కువ నీళ్లు తోడుతుంది. తమిళ సీమలోని పోదనూరులో జీవితమంతా పంపుసెట్లు అమ్మి విశ్రాంతి తీసుకుంటున్న సుందరమూర్తి నాయుడు ఈ సూత్రాన్ని ఒక బుధవారం ఉదయం గరుకు కాగితానికి వర్తింపజేశాడు.

శుక్రవారం ఆయన కొడుకు మదన్ పెళ్లి. ఊంజల్ వేడుకలో వధూవరులు కూర్చొని ఊగవలసిన టేకు పలక మేడ మీద ఉంది. అది భార్య మీనాంబాళ్ పుట్టింటి పలక. ఆమె తాత తిరుపతి యాత్ర నుంచి రైల్లో తమ ఊరు కినత్తుకడవుకు తెచ్చాడు. ఒక అంచున రెండు వరుసల తెలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడేవారే. తమిళ బడిలో చదివినందువల్ల ఆ లిపి ఎవరికీ రాదు; ఆ అక్షరాలను తమిళ మాటతో 'ఎళుత్తు' అనేవారు. తిరుపతి నుంచి వచ్చినవి గనుక అవి స్వామివారి మంత్రమని ఏనాడో నిర్ణయమైపోయింది. వాటికి పసుపు రాయకుండా ఏ పెళ్లిలోనూ ఎవరూ ఆ పలక మీద కూర్చోలేదు.

చెక్కను రుద్ది నునుపు చేయడానికి అద్దెకు తెచ్చిన సాండింగ్ మెషీన్‌ను తండ్రికి అప్పగించి మదన్ పనికి బయలుదేరాడు.

"నాయనా, మొదట ఎనభై నంబరు కాగితం, అప్పుడు నూట ఇరవై, కడాసిలో రెండు వందల ఇరవై. అదమొద్దు, దాని బరువే చాలు. దుమ్ము సంచి తగిలించు. కాగితం మార్చేటప్పుడు ప్లగ్ తియ్యి."

"ఎళుత్తు పక్కన?"

"ఆ ఎళుత్తు జోలికి మెషీనే వద్దు. ఉండేదాంట్లో మెత్తని కాగితంతో చేత్తో సుమ్మా పైపైన తుడువు."

"నేను చూడని మోటారా రా. నువ్వు పో."

పాత రంగు గీకడానికని కొట్టువాడు ఇచ్చిన నలభై నంబరు కాగితం కూడా పెట్టెలో ఉంది. అన్నిటికంటే చిన్న అంకె గనుక అదే మెత్తనిదని సుందరమూర్తి తేల్చాడు. నిజానికి ఆ అంకె రేణువులను జల్లించిన జల్లెడకు అంగుళం పొడవున ఎన్ని కన్నాలో చెబుతుంది. కన్నాలు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. నలభై అంటే కంకరతో సమానం.

ప్లగ్ తీసి కాగితం బిగించమన్న సూచనను మాత్రం ఆయన పాటించాడు. తరువాత మెషీన్‌ను అక్షరాల మీద పెట్టాడు. గుండ్రటి గీతలు పడ్డాయి. చిన్న అంకెకు బలం చాలలేదనుకొని, గీతలు పోవడానికి రెండు చేతులా అదిమాడు. గుంట పడింది. గుంటను సరిచేయడానికి మెషీన్‌ను ఒక పక్కకు వంచాడు. గుంట లోతైంది. దుమ్ము సంచి పెట్టెలోనే ఉంది గనుక, పెళ్లి విందుకు పక్కనే ఆరబెట్టిన వడియాలన్నీ గోధుమరంగుకు తిరిగాయి. మెషీన్ ఆపి చూస్తే మంత్రం లేదు. ఆయన కిందికి వెళ్లి పసుపు కలిపి తెచ్చి, గుంట నిండా మెత్తాడు.

మీనాంబాళ్ మేడెక్కింది.

"ఏమండి, వడాం మీద ఏంటిది?"

"టేకు."

"పలకకు అంత పసుపేంటికి?"

"కల్యాణం కదా. ముందే పెట్టినా."

ఆమె కొంగుతో పసుపు తుడిచింది. "మా తాత ఎళుత్తు ఏడ?"

"ఉండేదాంట్లో చిన్న నంబరే పెట్టినా మీనా. నలభైకి దిగువ పెట్టెలో లేదు."

"చీర కొనేటప్పుడు నూరు కౌంట్ నూలు ఏంటికి అడుగుతాను? నలభై మొరటు, నూరు సన్నం. ఇన్ని మిల్లులుండే ఊర్లో పుట్టి ఇది తెలీదా?"

"నేను అమ్మింది మోటారు. నూలు కాదు."

"మంత్రం లేని పలక మీద నా కోడలు కూసోదు. ఎళుత్తు తిరిగి రావాల, లేదంటే వేరే ముహూర్తం చూడండి."

సాయంత్రానికి మదన్ సూలూరులో ఒక చెక్కడం పనివాణ్ణి కుదిర్చాడు. అక్షరాల ఫొటో మదన్ ఫోనులో ఉంది. కానీ అందులో ఏది అక్షరమో, ఏది పాత గీతో చెప్పేవారు కావాలి. రేణిగుంటలో తెలుగు బడిలో చదివిన పెళ్లికూతురు ఇందుజకు దాన్ని పంపించారు. కాసేపటికి ఆమె ఫోన్ చేసింది. అందరికీ వినబడేలా మదన్ స్పీకర్ పెట్టాడు.

"అత్తయ్యా, ఇది మంత్రమని ఎవరు చెప్పారు?"

"మా తాత చెప్పినాడమ్మా. చదువు, వింటాము." మీనాంబాళ్ చేతులు జోడించింది.

"'రేణిగుంట జంక్షన్. మూడవ తరగతి ప్రయాణికుల నిమిత్తము. ఈ బల్లను తీసికొనిపోరాదు.'"

జోడించిన చేతులు మెల్లగా కిందికి దిగాయి.

"ఈ పలకను మా నాన్నకు చూపించారా అత్తయ్యా?"

"లేదమ్మా. ఏం?"

"ఆయన అక్కడే స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. అందుకని అడిగాను."

ఫోన్ పెట్టేశాక ముహూర్తం మాట ఎవరూ ఎత్తలేదు. మీనాంబాళ్ కళ్లద్దాలు పెట్టుకొని పలక మీదికి వంగింది.

"ఏమండి, ఈ మూల ఎళుత్తు వంకర గీత ఒకటి మిగిలి ఉండాది. ఆ నలభై ఏడ పెట్టినారు?"

గురువారం మదన్ ముక్కుకు మాస్క్, కళ్లకు అద్దాలు పెట్టుకొని, దుమ్ము సంచి తగిలించి, ఎనభై, నూట ఇరవై, రెండు వందల ఇరవై వరుసలో అదమకుండా పలకంతా రుద్దాడు. గుంట పైకి తెలియకుండా కలిసిపోయింది. శుక్రవారం వధూవరులు దాని మీద కూర్చొని ఊగారు.

ఇందుజ తండ్రి పలకను అరచేత్తో నిమిరి, "మంచి టేకు. మా పాత స్టేషన్ బల్లలు ఇలాగే ఉండేవి" అన్నాడు.

సుందరమూర్తి అవునన్నాడు. మీనాంబాళ్ వియ్యంకుడికి మరో గ్లాసు పాయసం ఇచ్చింది.