పెద్దపులి స్థానికత

నల్లమలలో ఉంటున్న ఒక ఆడ పెద్దపులి తనను ఆఫ్రికాకు బదిలీ చేయమని పెట్టుకున్న అర్జీ ఆ సోమవారం ఖండాల కేటాయింపు కార్యాలయంలో విచారణకు వచ్చింది. అంతకుముందు వచ్చినప్పుడల్లా సూపరింటెండెంట్ దాక్షాయణి మేడమ్ మీటింగుకు వెళ్లారనో, సర్వర్ పనిచేయడం లేదనో చెప్పి పంపేశారు. పులి కూడా అందరిలాగే బస్టాండు దాకా నడిచి వెళ్లిపోయేది.

కారణం సాధారణమైనదే. పులి తిరిగే లోయను ‘పులిగర్జన’ అనే విల్లాల వెంచరుకు ఇచ్చారు. జింకలు అర్జీ పెట్టకుండానే మాయమయ్యాయి. పులికి ఇద్దరు పిల్లలు. ఈ వయసులో వేట నేర్పకపోతే ఇక ఎప్పటికీ రాదు. ఆఫ్రికాలో జీబ్రాలు దండిగా ఉంటాయని దానికెవరో చెప్పారు.

వరండా బెంచీ మీద పులి పక్కన ఈదమ్మ అనే చెంచు ముసలామె కూర్చుని ఉంది. పులులకు చోటు కావాలని ఆమె గూడేన్ని అధికారులు అడవిలోంచి ఖాళీ చేయించి రోడ్డు పక్క కాలనీకి దింపారు. ఆ కాలనీకి నీళ్లు అడగడానికి వచ్చింది.

“నీ కోసమని మమ్మల్ని పంపిచ్చినారు గదమ్మీ. మళ్ల నిన్నెవురి కోసం పంపుతాండారు?” అనడిగింది ఈదమ్మ.

“టౌనోళ్లకంట అక్కా. శని, ఆదివారాలు వచ్చిపోతారంట.”

అటెండరు ఖాసింపీరా పిలవగానే పులి కాళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. దాక్షాయణి మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు.

“చూడమ్మా, మీ వంశం పుట్టింది ఆసియాలో. ఆఫ్రికాకి వెళ్లాల్సిన కాలంలో మీవాళ్లు వెళ్లలేదు. మధ్యలో ఎడారి అడ్డం పడింది. ఈలోగా అక్కడ సింహాలు, చిరుతలు స్థిరపడిపోయాయి. ఖాళీల్లేవు.”

“సింహాలు గుజరాత్‌లో గూడా ఉండాయి గద మేడం?”

“అది పాత పోస్టింగు.”

“చిరత రెండుచోట్లా ఉంది గద మేడం?”

“చిరుత సర్దుకుపోతుందమ్మా. ఊళ్లో కుక్కని తినైనా బతుకుతుంది. నీకు నీడ కావాలి, నీళ్లు కావాలి, మనుషుల అలికిడి ఉండకూడదు. ఇన్ని కోరికలున్నవాళ్లు ఎక్కడా ఇమడలేరు.”

పులి తల దించుకుంది. తాగడానికి నీళ్లు కావాలనడం కోరిక కిందికి వస్తుందని దానికి అప్పటిదాకా తెలియదు.

ఈలోగా వార్త బయటికి పొక్కింది. మన పులిని ఆఫ్రికాకు దోచిపెడుతున్నారంటూ ఊళ్లో బంద్ జరిగింది. విల్లాలు బుక్ చేసుకున్న పెద్దమనుషులే ముందు వరసలో కూర్చుని రాస్తారోకో చేశారు. లోయను చదును చేస్తున్న కాంట్రాక్టరు మైకు పట్టుకుని, పులి మన ప్రాంతపు ఆత్మగౌరవమని కంటతడి పెట్టాడు. ఇలాంటివాళ్లకు కన్నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో, తలుచుకుంటేనే అసహ్యం వేస్తుంది. తర్వాత పులిని స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. మండు వేసవి. దాని ఒంటినిండా బొచ్చుందన్న సంగతి సన్మానం చేసేవాళ్లకు పట్టలేదు. అది రొప్పుతుంటే ఆనందబాష్పాలకు ముందు అలాగే ఉంటుందని వ్యాఖ్యాత వివరించాడు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. అర్జీ తిరస్కరించడమైనది. అర్జీదారు అనాదిగా ఆసియా స్థానికురాలని, ఈ ఖండం మీద ఆమెకు సర్వహక్కులు ఉన్నాయని ధ్రువీకరించడమైనది.

“ఖండంలో యాడుండాల మేడం?”

“ఖండమంతా నీదే కదమ్మా. ఎక్కడన్నది మాత్రం మా శాఖ పరిధిలోకి రాదు.”

రెవెన్యూ శాఖవాళ్లు కాలనీలో ఈదమ్మ ఇంటి పక్క స్థలం చూపించారు. చాటుకు ఒక తుమ్మచెట్టుంది. కుళాయి కూడా ఉంది, నీళ్లే రావు. పులి రెండు రోజులు తుమ్మచెట్టు వెనక పొంచి కూర్చుని పిల్లలకు వేట చూపించబోయింది. దొరికింది కాలనీ కోడి. కోడిగలావిడ వచ్చి తిట్టిపోస్తే పిల్లల ముందు తలెత్తుకోలేక సిగ్గుతో చచ్చిపోయింది.

స్థానికులకే ఉద్యోగాలివ్వాలని వెంచరుకు షరతు ఉంది. పులి స్థానికత ఇప్పుడు రుజువైంది కాబట్టి పిల్లలిద్దరినీ గేటు కాపలాకు తీసుకున్నారు. కార్లు వచ్చినప్పుడు వెనక కాళ్ల మీద నిలబడి సెల్యూట్ కొట్టాలి. ఈదమ్మ మనవడు అక్కడే తోటమాలి. ఎలా వంగాలో, ఎక్కడ చూడకూడదో వాడే దగ్గరుండి నేర్పాడు. పెద్దది తోకను కాళ్ల మధ్యకు మడుచుకుని చురుగ్గానే నేర్చుకుంది. చిన్నదానికి మాత్రం యూనిఫారం ప్యాంటులో తోక ఇమడలేదు.

నెల తిరిగాక మేనేజరు తల్లిపులిని పిలిపించి కుర్చీ వేయించాడు. తోక తీయించుకుంటే చిన్నదాన్ని పర్మనెంట్ చేస్తామని, ఆసుపత్రి ఖర్చు కంపెనీదేనని మర్యాదగా చెప్పాడు.

పులి గేటు వైపు చూసింది. కారేదో వచ్చింది. పిల్లలిద్దరూ లేచి నిలబడ్డారు.

“ఇద్దరికీ తీసేయండి సార్,” అంది పులి. “పర్మనెంటంటే మాటలా?”