కంప్యూటరులో నిండిన కుంట

రాష్ట్రంలోని చెరువులూ కుంటలూ ఇకమీదట ఎండిపోవని, ఎండదలిస్తే ముందుగా కంప్యూటరుకు తెలియజేయవలసి ఉంటుందని ప్రజలకు సంతోషంగా మనవి చేస్తున్నాను. ఈ ఏర్పాటు చేసింది నేనే. పేరు కామేశ్వరరావు. కాకినాడ నుంచి వచ్చి, మాదాపూర్‌లో ఒక సర్కారు కంప్యూటర్ కేంద్రంలో అధికారిగా ఉన్నాను. వ్యవసాయంతో నా సంబంధం పెరుగన్నం వరకే.

మొదటి ప్రయోగానికి ఖాజాగూడ దగ్గర ఒక కుంటను ఎన్నుకున్నాం. నీటిమట్టం కొలిచే పరికరం అందులో దించి, ఆఫీసుదాకా తీగ లాగి, కొబ్బరికాయ కొట్టి, కంప్యూటరుకు బొట్టు పెట్టాం. మా డైరెక్టరు శివశంకర్ గారు మైకు అందుకుని, "మన మునిమనవలకు కూడా నీళ్లు మిగులుతాయి. దీన్నే సుస్థిరాభివృద్ధి అంటారు" అన్నారు. చప్పట్లు కొట్టాం.

కంప్యూటరుకు వేడి పడదు. దాని గదిని చల్లబరిచే యంత్రానికీ, విదేశీ అతిథులు ఫొటోలు దిగే పచ్చికకూ నీళ్లు కావాలి. దగ్గరలో ఉన్నది ఆ కుంటే. మోటారు పెట్టి, నీళ్లు మా సంపులోకి తెచ్చుకున్నాం. కుంటను కాపాడే కంప్యూటరును కుంట కాపాడితే తప్పేముంది?

నెల తిరక్కుండానే తెరమీద కుంట ఎర్రరంగుకు దిగింది. సోమవారం వీడియో సమావేశంలో పైవాళ్లు ఎరుపు చూస్తారని డైరెక్టరు గారు దిగులుపడ్డారు. మోటారు ఆపుదామని ఒక్కరూ అనలేదు, నాతో సహా. పరికరం ఉండవలసింది నీళ్లున్న చోట కదా అని మాత్రం నాకు తట్టింది. దాన్ని పైకి లాగి మా సంపులో దించాను. తెరంతా పచ్చరంగు. నాకు ప్రశంసాపత్రం వచ్చింది.

ఇంతలో ఆ కుంట కింద ఎకరం పొలమున్న రాజయ్య వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు.

"సారు, నారు వోసిన. కుంట సగానికి వడ్డది. మీ మోటరు బంద్ చేస్తరా, నన్నే నాటు ఆపుకోమంటరా?"

"నిండుగా ఉందండీ, చూడండి" అని తెర చూపించాను.

"నాకైతే సగమే కనబడ్తున్నది."

"మీకు గట్టుమీంచి కనిపిస్తుందండీ. కంప్యూటరుకు అడుగునుంచి కనిపిస్తుంది."

అతను కాసేపు తెరకేసి చూశాడు. "సదువుకున్నోళ్లు, మీరే అంటుంటే ఇగ ఫికర్ ఏంది. నాటేస్త" అని దండం పెట్టి వెళ్లాడు.

నాటు నిలువునా ఎండిపోయింది. నీళ్లు పుష్కలంగా ఉండగా పంట ఎండబెట్టుకున్న రైతుకు పరిహారం ఇచ్చే నిబంధన లేదు. రాజయ్య అర్జీకి వెళ్లిన ఆ జవాబు మీద సంతకం నాదే. రాజయ్య పొలం అమ్ముకున్నాడని తెలిసిన రోజు నాకు సిగ్గేసింది, అన్నం సయించలేదు. మర్నాడు సయించింది.

ఆ పొలంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. నీటివసతికి రుజువు కావాలని బిల్డరు అడిగితే, మా తెరనే ప్రింటు తీసి ఇచ్చాను. మీరూ అందులో ఒక ఫ్లాటు తీసుకున్నారని విన్నాను, చాలా సంతోషం. కారు ఎక్కడ నిలపాలి, దేవుడి గది ఏ మూలకు రావాలి అని గుచ్చిగుచ్చి అడిగారట. రాజయ్య కనీసం మా ఆఫీసుదాకా వచ్చి నీళ్ల సంగతి అడిగాడు. మీరు అదీ అడగలేదు.