నలభై ప్రశ్నలు, ఒక పందిపిల్ల

సెర్బియాలోని అరిల్యె ఊళ్లో ఎవరి ఇంటి కప్పు ఎక్కడ కారబోతుందో ఇంటివాళ్లకంటే ముందు పెంకుల వ్యాపారి రాడివోయెకు తెలుస్తుంది. అతనికి డ్రోన్ ఉంది. కప్పు చూడమని ఎవరైనా పిలిస్తే దాన్ని పైకి పంపుతాడు. దారిలో పక్కింటి కప్పు కూడా కంటపడితే ఆ ఇంటి ముందు ఆగి, "ఈ ఏడు వానలు గట్టిగా ఉంటాయంట" అంటాడు. బేరం అలా మొదలవుతుంది.

ఆ మంగళవారం అతని పథకం చిన్నది. కాఫీ తాగి, పది గంటలకు వంటగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని డ్రోన్ పరీక్ష రాయాలి. శనివారం గ్రీసు సముద్రతీరాన స్నేహితుడు బోగ్దాన్ పెళ్లి. ఆ పెళ్లికి రాడివోయె కూమ్, అంటే వరుడి పక్కన నిలబడే సాక్షి. పెళ్లిలో కూమ్ మాట ఎవరూ కాదనరు, కూమ్ కూడా మాట తప్పకూడదు. పెళ్లిని ఆకాశం నుంచి వీడియో తీసి ఇస్తానని అతను మాటిచ్చాడు. డ్రోన్ ఎగరేయడానికి సెర్బియాలో ఇచ్చిన కాగితం అక్కడ చెల్లదు. యూరప్ వాళ్ల పరీక్షలో నలభై ప్రశ్నలకు ముప్పై సరిగ్గా రాయాలి. మూడు వారాలుగా అతను కొట్లో పెంకుల దొంతర వెనక కూర్చుని చదివాడు.

ఎనిమిదింటికి భార్య దేసంకా పందిపిల్లను పెద్ద పళ్లెంలో పెట్టి, కాల్చడానికి రొట్టెల బట్టీకి తీసుకెళ్లింది.

"ఎవరి పుట్టినరోజు, దేసంకా?" అన్నాడు బట్టీ యజమాని జ్లాటోమీర్.

"పుట్టినరోజు కాదు. మా ఆయన డ్రోన్ పరీక్ష."

మంచి జరిగినవాడు ఊరికి విందు పెట్టాలని అక్కడి రివాజు. మంచి జరగకముందే పందిపిల్లను కాల్పించినవాడు ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. అంటే రాడివోయె ప్యాసైపోయాడని జ్లాటోమీర్ లెక్క తేల్చాడు. ఆ ఉదయం రొట్టె కొన్న ప్రతివాళ్లూ ఆ కబురు కూడా ఇంటికి పట్టుకెళ్లారు.

ఆరో ప్రశ్న దగ్గర తలుపు చప్పుడైంది.

"ప్యాసయ్యావంట కదరా!"

"ఇంకా రాస్తున్నానండీ."

"చూశారా, ఎంత అణకువో!"

వచ్చినవాళ్లను గుమ్మంలోంచి పంపడం అక్కడ జరిగే పని కాదు. ఒక్కొక్కరికి బుగ్గల మీద మూడు ముద్దులు, చిన్న గ్లాసుతో రకియా అనే పళ్ల సారా. మనిషికి అర నిమిషం చొప్పున పదహారు మందికి ఎనిమిది నిమిషాలు పోయాయని రాడివోయె లెక్కవేశాడు. పరీక్షకు ఉన్నదే నలభై నిమిషాలు. అంతలో బాకాలు పట్టుకుని ముగ్గురు వాయిద్యగాళ్లు దిగారు. అప్పటికి వంటగది నిండిపోయి, ప్రశ్నలు అందరివీ అయిపోయాయి.

"బ్యాటరీ ఉబ్బితే ఏం చేయాలంట?" ఎవరో బిగ్గరగా చదివారు.

"కాసేపు నా బట్టీలో పెట్టమను, సర్దుకుంటుంది," అన్నాడు జ్లాటోమీర్.

రాడివోయె ఎవరి మాటా వినలేదు. రొట్టెల సంచి మీద, తప్పకుండా సరైందని తెలిసిన ప్రతి జవాబుకూ ఒక గీత గీస్తూ వచ్చాడు. ముప్పై తొమ్మిది ప్రశ్నలు పూర్తయ్యేసరికి గీతలు ఇరవై తొమ్మిది. మిగిలిన పదింటి మీద అతనికి భరోసా లేదు. ఒకటిన్నర నిమిషం ఉంది.

నలభయ్యో ప్రశ్న తెర మీదికి వచ్చింది: పెళ్లిలోనో ఊరేగింపులోనో గుమిగూడిన జనం తలల మీదుగా డ్రోన్ ఎగరేయవచ్చా?

రాడివోయె చెయ్యి ఆగిపోయింది. ఆ పాఠం అతను చదవకపోలేదు. జనం అంటే ఫుట్‌బాల్ మైదానంలో జనం అనుకున్నాడు. పెళ్లికి వచ్చేవాళ్లు చుట్టాలు కదా, జనమెలా అవుతారు?

"ఎగరేయవచ్చనే రాయి!" అంది వరుడి నాయనమ్మ స్టానా. "పైనుంచి కనబడాలని ఎర్ర కండువా కొనుక్కున్నాను."

"అలా రాస్తే తప్పు, బామ్మా. ఫెయిలవుతాను."

"కూడదని రాస్తే సినిమా ఉండదు కదరా! మరి నువ్విచ్చిన మాటో?"

వంటగదిలో అందరూ అతని వేలివైపే చూస్తున్నారు. రాడివోయె ఆ ముఖాలను చూశాడు, సంచి మీది గీతలను చూశాడు. పగిలిన పెంకును బాగుందని అతను ఎన్నడూ అమ్మలేదు. 'కూడదు' అన్నదాని మీద నొక్కాడు.

నలభైకి ముప్పై ఒకటి. ప్యాస్.

బాకాలు మోగాయి. పందిపిల్ల సమయానికి వచ్చింది. జ్లాటోమీర్ అతన్ని భుజాల మీదికి ఎత్తబోయి, నడుం పట్టేసి, కుర్చీలో కూలబడ్డాడు. స్టానా బామ్మ మాత్రం మాంసం ముక్క తీసుకుంటూ, "కాగితం వచ్చింది, సినిమా పోయింది," అంది.

శనివారం సముద్రం ఒడ్డున రెండు వందల మంది పెళ్లివారు తలలు దువ్వుకుని, ఆకాశంవైపు చూస్తూ నిలబడ్డారు. డ్రోన్ మీద గ్రీసులో నమోదైన నెంబరు మెరుస్తోంది. రాడివోయె ఒక బల్ల ఎక్కాడు.

"అందరూ ఆ గుట్ట అవతలికి నడవండి. కూమ్‌గా చెబుతున్నా!"

"మమ్మల్ని తియ్యవా?"

"తియ్యను. చట్టం ఒప్పుకోదు."

కూమ్ మాట కాబట్టి కాదనలేక, బాకాలతో, పళ్లాలతో, ఎర్ర కండువాతో సహా రెండు వందల మందీ గుట్ట దాటారు. ఖాళీ తీరంలో వధూవరులిద్దరూ నడుస్తుంటే డ్రోన్ పైకి లేచింది. అంతలో దూరం నుంచి టోపీ పెట్టుకున్న ఒక గ్రీకు పోలీసు ఇసకలో కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"కాగితాలున్నాయా?"

ఆ మాట కోసం రాడివోయె మూడు వారాలుగా ఎదురుచూస్తున్నాడు. డ్రోన్‌ను పక్కన దించి, లామినేషన్ చేయించిన ధ్రువపత్రం తీసి రెండు చేతులతో అందించాడు. పోలీసు రెండుసార్లు చదివి, సెల్యూట్ కొట్టాడు. రాడివోయె కూడా నిటారుగా నిలబడి తిరిగి కొట్టాడు.

ఆ ధ్రువపత్రం ఇప్పుడు పెంకుల కొట్లో, గుమ్మంలోంచే కనబడే గోడకు వేలాడుతోంది. పెళ్లి వీడియోలో మాత్రం మొత్తం ముగ్గురే ఉన్నారు. అది చూసిన ప్రతిసారీ స్టానా బామ్మ, "ఇంతకీ ఆ టోపీవాడు ఎవరి తరఫు?" అని అడుగుతుంది.

"మన తరఫే," అంటాడు రాడివోయె.