తడి మెట్లకు ఇత్తడి అక్షరాలు

నీడ లేని అక్షరానికి అర్థం ఉండదని ఆ ఆఫీసు ఏనాడో తీర్మానించింది. సాదా అక్షరాలతో రాసిన మాటను అక్కడ ఎవరూ చదవరు, చదివినా నమ్మరు. (జీతాల పెంపు ఉత్తర్వును మాత్రం ఒకసారి సాదా అక్షరాల్లోనే అందరూ చదివారు. అది పొరపాటున వచ్చిందని సాయంత్రానికి తేలింది.)

అలాంటి ఆఫీసులో మెట్ల మీద పైపు కారడం మొదలైంది. అకౌంట్సు అక్కయ్య జారిపడి మోకాలు చెక్కుకుపోయాక, 'మెట్లు తడిగా ఉన్నాయి, జాగ్రత్త' అని బోర్డు చేసే పని డిజైనర్ నెత్తిన పడింది. అతను ఇంకా టెంపరరీ.

"బోర్డు బాగా వస్తే నిన్ను పర్మనెంట్ చేస్తానయ్యా. ఈలోగా ఎవరన్నా పడి ఫిర్యాదు రాస్తే మాత్రం నీదే పూచీ," అన్నాడు మేనేజరు.

ఇంటి దగ్గర భార్య, అతను పర్మనెంట్ అయిపోయాడని అప్పటికే చుట్టాలందరికీ చెప్పేసింది. పాపం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నల్లటి అక్షరాలతో చిటికెలో చేసి చూపించాడు.

మేనేజరు పెదవి విరిచాడు. "చూడగానే అర్థమైపోతోందేంటయ్యా. ఇంత పెద్ద ఆఫీసు పెట్టుకుని ఇదా మనం చేసేది?"

ఫైలు నీడల పర్యవేక్షకుడి దగ్గరికి వెళ్లింది. అక్షరాల మీద వెలుగు ఎటునుంచి రావాలో నిర్ణయించడం ఆయన ఉద్యోగం. కిటికీ తూర్పున ఉంది కనుక నీడ పడమటికి పోవాలన్నాడు. మధ్యాహ్నం తర్వాత సంగతి పైవాళ్లకు వదిలేశాడు. బంగారు పూత మేనేజరు స్థాయి ప్రకటనలకే చెల్లుతుందట, మెట్లకు ఇత్తడి మంజూరైంది. అక్షరాల అంచులకు మంటలు పెట్టమన్నారు. పెట్టాక, మంటల వల్ల తడికి గౌరవం తగ్గుతోందని అభ్యంతరం వచ్చింది. దాంతో డిజైనర్ మంటలు ఆర్పి, అక్షరాల నిండా నీటిచుక్కలు చల్లాడు.

ఈలోగా గుమాస్తా పడ్డాడు. టీ తెచ్చే ఆయన కూడా పడ్డాడు. ఫిర్యాదు రాయొద్దని డిజైనర్ ఇద్దరి కాళ్లూ పట్టుకున్నాడు. (దెబ్బ తగలని కాళ్లే.)

నీటిచుక్కలు ఎంత బాగా కుదిరాయంటే, అచ్చు తీసిన కాగితాన్ని పట్టుకోగానే మేనేజరు వేళ్లు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"తడిగా ఉంది. ఆరబెట్టి తగిలించండి."

"అది బొమ్మ సార్. తడేం లేదు."

"కంటికి కనబడుతుంటే లేదంటావేంటయ్యా."

కాగితాన్ని ఫ్యాను కింద క్లిప్పులతో వేలాడదీశారు. మేనేజరు రోజూ వచ్చి చూడడం, ఇంకా ఆరలేదని వెళ్లిపోవడం. చివరికి డిజైనర్ విసిగిపోయి, సగం చుక్కలు చెరిపేసి కొత్త కాగితం తగిలించాడు. "ఇప్పుడు ఆరింది," అని మేనేజరు తృప్తిగా సంతకం చేశాడు.

బోర్డు మెట్ల దగ్గరికి చేరిన పూటే ప్లంబరు వచ్చి పైపు బాగుచేసి వెళ్లాడు. మెట్లు పొడిగా మెరిశాయి. డిజైనర్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"పొడి మెట్లకు ఈ బోర్డు పెడితే ఆఫీసు అబద్ధమాడినట్టు అవుతుంది కదండీ," అన్నాడు నీడల పర్యవేక్షకుడు.

మేనేజరు మాత్రం ఇంతమంది చెమటోడ్చి చేసిన బోర్డును మార్చడం న్యాయం కాదన్నాడు. కనుక రోజూ ఉదయం ఆఫీసు తెరవగానే మెట్ల మీద బకెట్టెడు నీళ్లు పోయాలని ఉత్తర్వు జారీ చేశాడు.

ఇచ్చిన మాట ప్రకారం డిజైనర్‌ను పర్మనెంట్ చేశారు. బకెట్ అతనికే ఇచ్చారు.