అత్తగారు కలిపిన ఎలుకలు

ఆ ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఎగ్జామినర్ వస్తారు, పెరటి గదిలోని రెండు పంజరాలూ చూస్తారు, ఆరేళ్ళ థీసిస్ మీద సంతకం పెడతారు. ల్యాబుకు రంగులేస్తున్నారని ఎలుకల్ని ఇంట్లోనే పెట్టుకున్నాడు. కొండకు ఇవతల పట్టినవి ఒక పంజరంలో, అవతలివి ఇంకో పంజరంలో. చూపుకు అన్నీ ఒకే అచ్చు. అయితే ఇవతలివాటికి క్రోమోజోములు నలభై, అవతలివాటికి ఇరవై నాలుగు. అవి ఏనాడో వేరు జాతులైపోయాయన్నదే అతని వాదం.

తీరా వెళ్ళి చూస్తే ఒక పంజరం ఖాళీ. రెండోది పిల్లాపాపలతో కిటకిటలాడుతోంది.

"అత్తయ్యగారూ, ఇవన్నీ ఒకచోటికెలా చేరాయి?"

"నేనే కలిపాను బాబూ. రెండు నెలలు మీరు కొండమీదే ఉండిపోయారు. రెండేసి పంజరాలు కడగలేక నా నడుం పడిపోయింది. అయినా అయినవాళ్ళ మధ్య అడ్డుగోడలెందుకు?"

అల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి. క్రోమోజోములు లెక్కపెట్టడానికి రెండు రోజులు కావాలి, ఉన్నది పది నిమిషాలు. దేవుడిమీద భారం వేసి, చేతికందినవాటిని సగం ఇటు, సగం అటు పడేశాడు.

ఎగ్జామినర్ రానే వచ్చారు. పంజరాల ముందు కూర్చుని గడ్డం గోక్కున్నారు. "అంతా బాగుంది. ఒక్కటే లోటు. వీటిని విడివిడిగానే ఉంచారు. కలిపి ఉంచితే సంకరం కావని ఏమిటి నమ్మకం?"

కాఫీ తెచ్చిన అత్తగారు పంజరంలోకి తొంగిచూశారు.

"అయ్యో, ఈ చెవి చిరిగినవాణ్ణి ఇటెవరు వేశారు? వీడి పెళ్ళాం అటుంది."

"మీకెలా తెలుసమ్మా?" అన్నారు ఎగ్జామినర్.

"రెండు నెలలుగా ఒకే పంజరంలో చూస్తున్నాను కదండీ. ఇవి ఈ మూల, అవి ఆ మూల. వీటి మొహం అవి చూడవు. మా తోటికోడళ్ళే నయం."

ఇక డిగ్రీకి నీళ్ళొదులుకోవడమే అనుకుని అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ కాఫీ చల్లారేలోపు ఎలుకల్ని, పిల్లలతో సహా, రెండుగా విడదీసి పెట్టారు. ఎగ్జామినర్ ప్రతిదాని నమూనా తీసుకుని వెళ్ళిపోయారు.

మూడోనాడు ఫోన్ వచ్చింది. ఒక పంజరంలో అన్నిటికీ నలభై క్రోమోజోములు, ఇంకోదానిలో అన్నిటికీ ఇరవై నాలుగు. సంకరమైతే చెరిసగం వచ్చి ముప్పై రెండు ఉండాలి, అలాంటి పిల్ల ఒక్కటీ లేదు. "ఇదే నాకు కావలసిన రుజువు. ఈ ప్రయోగం ముందే ఎందుకు రాయలేదయ్యా?" అని ఆయన కోప్పడి, సంతకం పెట్టారు.

ఎలుకల్ని ఆరేళ్ళ క్రితమే అత్తగారికి అప్పజెప్పి ఉంటే, మొదటి ఏడే డిగ్రీ వచ్చేదని అల్లుడికి అర్థమైంది.