మెజారిటీ సీసా

పరీక్షలకు ఒంటరిగా కూర్చుని చదివేవాళ్ళంత స్వార్థపరులు లోకంలో ఇంకొకరు ఉండరు! పుస్తకంలో ఉన్నది తలకెక్కించుకుంటారు, తలలో ఉన్నది పేపరు మీద దింపేస్తారు. మధ్యలో పక్కవాడికి ఏమిటి లాభం? అదే కంబైన్డ్ స్టడీ అయితే ముగ్గురు కూర్చుంటారు, మూడు జవాబులు పుడతాయి, గట్టి గొంతున్న జవాబు బతుకుతుంది. ప్రజాస్వామ్యం అంటే ఇంకేమిటండీ?

నమ్మకం లేకపోతే భిలాయి సెక్టర్ 6లోని ఛాయను అడగండి.

1979లో ఛాయ పదకొండో క్లాసు, హిందీ మీడియం. కెమిస్ట్రీ అంటే ప్రాణం. ఒక్కసారికే పాసైతే దుర్గ్‌లో బి.ఎస్సీ., తప్పితే కుట్టు క్లాసు అని తండ్రి రామమోహనరావు తేల్చేశారు. స్టీల్ ప్లాంటు మనిషి కదా, ఒకసారి పోత పోశాక మళ్ళీ కరిగించరు.

అందుకని ఛాయ ఒంటరిగా చదువుకుందామనుకుంది. చూశారా స్వార్థం! అదృష్టవశాత్తూ ఆ ఇంట్లోనే ఉండి చదువుతున్న పెద్దమ్మ కొడుకు యజ్ఞనారాయణ, పక్క క్వార్టరు పరబ్రహ్మం అదే పరీక్షకు కూర్చుంటున్నారు. యజ్ఞనారాయణ విజయనగరంలో పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చినవాడు. పరబ్రహ్మానికి ఒక గైడు ఉంది. అందులో సగం పేజీలు లేవు. ముగ్గురూ కలిసి తిరకాసు ప్రశ్నల మీద పడ్డారు.

ఒక ఆదివారం ఈ ప్రశ్న తగిలింది: "సల్ఫ్యూరిక్ అమ్ల్ బనానే కే కక్ష్ సీసే కే క్యోఁ హోతే హైఁ?" ఆ యాసిడ్ తయారుచేసే గదులు 'సీసా'తో ఎందుకు కడతారు అని. జవాబున్న పేజీ గైడులో లేదు.

ఇక్కడ పాఠకులకు ఒక మనవి. హిందీలో సీసా అంటే మన సీసం, బరువైన లోహం. తెలుగులో సీసా అంటే మీ ఇంట్లో నూనె పోసుకునేది.

"గాజు," అన్నాడు యజ్ఞనారాయణ. "యాసిడ్ గాజుని తినదు. అందికే గాజు గదులు."

"నై భయ్యా, సీసా అంటే లెడ్," అంది ఛాయ. "దుర్గ్‌లో బ్యాటరీ దుకాణంలో కరిగిస్తుంటే చూసాను. బ్యాటరీలో పోసేది కూడా యహీ యాసిడ్ కదా."

"లెడ్డుని సీసం అంటారే. చివర సున్న ఉంటే లోహం, లేకపోతే గాజు. నీకు తెలుగే సరిగ్గా రాదు, నాకు సీసా అంటే ఏటో చెప్తావేటి?"

ఇంతటి వ్యాకరణం ముందు రసాయనశాస్త్రం ఎంత? అయినా ఛాయ వదల్లేదు. పరబ్రహ్మం మాత్రం బ్యాటరీ దుకాణం సిలబస్‌లో లేదన్నాడు. గొడవ విని వంటింట్లోంచి తల్లి హైమవతి వచ్చింది, చేతిలో బాత్రూము కడిగే యాసిడ్ సీసాతో సహా.

"ఇదిగో యాసిడు, ఇదిగో సీసా. కళ్ళెదురుగా కనపడతంటే ఇంకా దెబ్బలాటేటి?"

మూడు ఓట్లకు ఒకటి. తీర్మానం నెగ్గింది. తప్పు జవాబుకు ఇంత గట్టి సాక్ష్యం దొరికే యోగం ఎంతమందికి పడుతుంది చెప్పండి!

ఛాయ ప్రశ్నను ఇంకోసారి చదివింది. కానీ ముగ్గురు ఒక మాట మీద ఉన్నప్పుడు తాను ఒక్కతే ఎలా రైటు అవుతుంది? తనకు నిజంగానే తెలుగు సరిగ్గా రాదు. గాజు జవాబును పదిసార్లు రాసి కంఠతా పట్టింది.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, అయిదు మార్కులకు. అబ్బాయిల సెంటర్ వేరు, అమ్మాయిల సెంటర్ వేరు. బెల్లు కొట్టేముందు అబ్బాయిల సెంటర్ గేటు దగ్గర ఎవరో బెంగాలీ కుర్రాడి చేతిలో పేజీలన్నీ ఉన్న గైడు చూశారు మనవాళ్ళు. సీసా అంటే లెడ్, దాని మీద సల్ఫేటు పొర కడుతుంది, ఇక యాసిడ్ తినలేదు. ఇద్దరూ చక్కగా రాసి వచ్చారు. తీర్మానానికి కట్టుబడింది ఛాయ ఒక్కతే.

ఛాయకు పాసవడానికి మూడు మార్కులు తక్కువయ్యాయి.

యజ్ఞనారాయణ, పరబ్రహ్మం దుర్గ్‌లో బి.ఎస్సీ.లో చేరారు. ఛాయ కుట్టు క్లాసులో చేరింది. తల్లి బతిమాలితే సప్లిమెంటరీకి కూర్చోవడానికి మాత్రం తండ్రి ఒప్పుకున్నారు, పాసైతే చూద్దామని. మరి స్నేహితులన్నవాళ్ళు ఊరుకుంటారా? సెలవురోజు చూసుకుని ఇద్దరూ పాఠం చెప్పడానికి వచ్చారు! హైమవతి పకోడీలు వేసింది.

"మొదట ఆ సీసా ప్రశ్న చూసుకో," అన్నాడు యజ్ఞనారాయణ. "సీసా అంటే లెడ్డు. ఇంత చిన్న విషయం తెలీకపోతే ఎలాగే?"

"అసలు బ్యాటరీ ఎప్పుడూ చూడలేదా నువ్వు?" అన్నాడు పరబ్రహ్మం, పకోడీ నములుతూ.

ఛాయ వాళ్ళిద్దరి వంకా చూసింది. కుట్టు క్లాసు గుడ్డ పక్కన పెట్టి, నోటుబుక్కు తెరిచింది.

"రాసుకుంటాను భయ్యా," అంది. "పహలే ఓటింగ్ పెట్టండి."