వెయ్యి నామాలకీ పడని గేరు

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో భక్తి అనేది ఇంకా నిలబడి ఉందంటే, అది అచ్చయ్య కారు కదలకపోవడం వల్లే! నమ్మరా? అయితే వాళ్ల పక్కింటి దాలమ్మని అడగండి. ఆ కారు వెనక సీట్లో కూర్చునే వెయ్యి నామాలూ కంఠస్థం చేసిందావిడ.

అచ్చయ్య కొన్నది ఏనుగంత కారు. ఆటోమేటిక్. అభన్‌పూర్‌లో ఎవరో బియ్యం మిల్లు సేఠ్ వాడి వాడి వదిలేసిన బండి. అచ్చయ్య మాత్రం సీట్లకి కొత్త ప్లాస్టిక్ కవర్లు తొడిగించి, "నేరుగా షోరూం నుంచే!" అని కాలనీ అంతా చాటింపు వేశాడు.

తొలిరోజే తంటా వచ్చింది. గేరు 'డి' మీదకి లాగాడు. ఇంజను ఆంబోతులా రంకె వేసింది. బండి మాత్రం ధర్నాకి కూర్చున్న యూనియన్ లీడరులా కదిలితే ఒట్టు! చుట్టూ జనం.

"ఏటండీ, కదలదేటి?" అంది భార్య పార్వతమ్మ.

"చుప్! కళ్లు మూసుకో. దండం పెట్టుకోకుండా బండి తియ్యకూడదు" అని అచ్చయ్య గట్టిగా ఓ శ్లోకం ఎత్తుకున్నాడు. శ్లోకం అయ్యేసరికి గేరు ధన్‌మని పడింది, బండి ఉరికింది. జనం చేతులు జోడించారు!

గుఢియారీ బజారులో మెకానిక్కుకి పొద్దున చూపిస్తే, సాయంత్రం టీ వేళకి పాత సరుకని ఊరంతా తెలిసిపోతుంది. అందుకని అచ్చయ్య బండికి వైద్యం మానేసి, తనకి భక్తి పెంచాడు. రోగం ముదిరేకొద్దీ శ్లోకం చాలక దండకం, దండకం చాలక వెయ్యి నామాలు. వెనక్కి మాత్రం చిటికేస్తే పోయేది. వెనక్కి పోవడానికి దేవుడి సాయం దేనికి?

"తమ్ముడి కారెక్కితే చార్‌ధామ్ ఎల్లినట్టే" అనేది దాలమ్మ. నిజానికి వీధి చివరికి కూడా వెళ్లని రోజులున్నాయి!

ఈ కీర్తి గుడి కమిటీ ప్రెసిడెంటు మల్లేశ్వరరావు చెవిన పడింది. ఆయనదీ ఆటోమేటిక్కే. వెనక్కి తగ్గని మనిషని పేరు. గుడికొస్తే కారుతోనే మూడు ప్రదక్షిణలు చేసి, ముక్కు గేటువైపు పెట్టి గానీ ఆపడు. కొత్త సెక్రటరీ ఎవరో తేల్చేది ఆయనే. ఆ పదవి మీద ఆశతో పులిహోర వడ్డించి వడ్డించి అచ్చయ్య వేళ్లు శాశ్వతంగా పసుపెక్కాయి.

ఆ ఆదివారం కొత్త ఉత్సవ విగ్రహం రైల్లో వస్తోంది. మేళం సిద్ధం. టెంటు వాళ్లు చూడకుండా ప్రెసిడెంటు కారు ముందే పందిరి గుంజలు పాతేశారు. వెనకంతా మైదానమంత ఖాళీ! అయినా ఆయన ఆ వైపు చూడనైనా చూడలేదు.

"ఇయ్యాల టేసన్‌కి నీ బండిలోనే పోదాం అచ్చయ్యా. నీ నిష్ఠ సూడాల" అంటూ ఎక్కి కూర్చున్నాడు.

ఇప్పుడు బండి కదలకపోతే సెక్రటరీ గిరీ పోతుంది, షోరూం పరువూ పోతుంది. అచ్చయ్య 'డి' పెట్టి నామాలు మొదలెట్టాడు. స్టేషన్ నుంచి ఫోను: దేవుడు దిగిపోయాడట! భక్తులింకా ఎక్కిన చోటే ఉన్నారు. వెయ్యి నామాలూ అయిపోయాయి. ఆపితే దొరికిపోతాడు. రైల్వే మనిషి కదా, స్టేషన్ల పేర్లందుకుని "మహాసముందాయ నమః, టిట్లాగఢాయ నమః, రాయగడాయ నమః" అంటూ విజయనగరం దాకా వెళ్లిపోయాడు. కారు మాత్రం గుడి ముందే ఉంది.

మల్లేశ్వరరావు ఒక కన్ను తెరిచి, చెవి దగ్గరకి వంగాడు.

"ఒరే, డి పడ్డం లేదేటి?"

"మీకెలా తెలిసింది బాబూ?"

"నా బండికి రివర్సు పడక మూడేళ్లయ్యిందిరా! లేపోతే నాకు ప్రదక్షిణాల పిచ్చేటి?"

అంతలో భడభడమంటూ ఆటో వచ్చి ఆగింది. ఎదురుచూసి విసిగిన దేవుడు, గోనెపట్టా చుట్టుకుని అందులో కూర్చున్నాడు. మల్లేశ్వరరావు ఒక్క ఉదుటున కారు దిగాడు.

"సూశారా! అచ్చయ్య పిలుపుకి సామి తనే వచ్చీసినాడు! ఇంకెవుడయ్యా సెక్రటరీ?"

జనం గోవిందలు కొట్టారు. మేళం మోగింది. పార్వతమ్మ కళ్లు తుడుచుకుంది. అచ్చయ్య ఆయన కాళ్లకి మొక్కుతూ గొణిగాడు: "బాబూ, ఇకనైనా రెండు బళ్లూ మెకానిక్కు దగ్గరికి..."

"నోర్ముయ్! నీది ముందుకి పోదు, నాది ఎనక్కి పోదు. మన కమిటీ ఇన్నాళ్లూ ఎలా నడిచిందనుకున్నావ్?"